ఆర్వో బావ చెక్కిన తెల్ల ఎర

ఏదీ, ఆ డబ్బా ఇలా తే. గుచ్చుకోవులేరా, నువ్వు పుట్టకముందు నుంచీ గాలాలతో కాపురం చేస్తున్నదాన్ని. ఏదైనా తీసుకోరా ఈరో, ఆ తెల్లది మాత్రం నీళ్ళలో వెయ్యనివ్వను. ఎందుకంటావా? చెబుతా, కూర్చో, నీ పాప రేవు మీద ఆడుకుంటోందిలే. ఈ చెక్క ఎరలన్నీ మీ తాత ఆర్వో చెక్కినవే. నీకు తాత, నాకు బావ, మా లెంపి అక్క మొగుడు. నోరు పెద్దది, పనితనం అంతకన్నా పెద్దది. డులూత్ పట్నం నుంచి వచ్చి మరీ కొనుక్కుపోయేవాళ్ళు. ఇదిగో ఈ చారలది పెర్చ్ అనే చిన్న చేప పిల్ల. మంచు కరిగి నీళ్ళు వెచ్చబడ్డాక బాస్ చేప వీటి వెంటే పడుతుంది. ఈ ఇటుక రంగుది డెక్కల రొయ్య. కుబుసం విడిచిన రొయ్య మెత్తగా ఉంటుందని బాస్‌కి మనకన్నా బాగా తెలుసు. దీన్ని రాళ్ళ మీద ఈడ్వాలి, నీలాగా గాల్లో గిరగిరా తిప్పడం కాదు. నవ్వకు, మొన్న చూశాలే నీ విన్యాసాలు! కప్ప బొమ్మేమో ఆగస్టులో, కలువాకుల మధ్యకి. బావకి ఒక నియమం ఉండేది. పొద్దున్న పడ్డ మొదటి చేప పొట్ట కోసి చూడందే ఎర ఎంచుకునేవాడు కాదు. "వండేముందు చుట్టాన్ని ఏం తింటావని అడగాలి కదా మరదలా" అనేవాడు. పొట్టలో ఏది కనిపిస్తే దాన్నే దేవదారు చెక్కలో దింపేవాడు, చారకి చార, మచ్చకి మచ్చ.

ఆ యేడు... ఏ యేడంటే, మీ నాన్న తప్పటడుగులు వేస్తున్నాడు. జూన్ నెల. బాస్ మగచేప తోకతో గులకరాళ్ళు ఊడ్చి గూడు చేస్తుంది, ఆడది గుడ్లు పెట్టి తన దారిన పోతుంది, కాపలా అంతా మగాడిదే. ఏం, ముఖం అలా పెట్టావ్? మనుషుల్లో లేని న్యాయం చేపల్లో అయినా ఉండనీ. సరస్సు ఉత్తరపు మూలలో అలా గూటి మీదున్న చేప ఒకటి బావకి చిక్కింది. పొట్ట కోస్తే ఖాళీ. నోట్లో మాత్రం ఏదో ఉంది. నా కళ్ళతో చూశాను. వేలెడంత, పాలిపోయి, చేపా కాదు జలగా కాదు. కళ్ళుండాల్సిన చోట నున్నటి చర్మం. నోరేమో గుండ్రంగా, పాలు తాగే పసిదాని నోరులా. అక్క అప్పుడే అంది, "పొట్టలో లేదు కదయ్యా, నోట్లో ఉంది. గూటి మీది చేప తిండి ముట్టదు. గుడ్ల మీదికొచ్చిన దొంగని కరిచి అవతల పారేస్తుంది" అని. "నోట్లోది పొట్టలోకి కాక పోస్టాఫీసుకి పోతుందా?" అని పకపకా నవ్వి, ఆ తెల్లదాన్ని చెక్కేశాడు. చేపలు పడ్డాయి, పడకేం! నీళ్ళలో వేస్తే చాలు, కాపలా చేపలన్నీ విరుచుకుపడేవి. అది ఆకలనుకున్నాడు. కోపానికీ ఆకలికీ తేడా తెలియని మగాడు మా బావ ఒక్కడేనా? గూళ్ళు ఒకటొకటే దిక్కులేనివయ్యాయి. కాపలా లేని గుడ్లు బూజుపట్టి పోయాయి. ఒక మధ్యాహ్నం ఒక్క చేప కూడా రాలేదు. ఎప్పుడూ అరిచే లూన్ పక్షులు కూడా నోరు మూసుకున్నాయట. ఎర లాక్కుంటుంటే దాని వెనకే నీళ్ళు ఉబ్బెత్తుగా లేచి, తొందర లేకుండా, పడవ దాకా వచ్చాయట. "ఈ సరస్సులో ఎవడూ చూడనంత పెద్ద బాస్ లెంపీ!" అంటూ వచ్చాడు. "కరిచిందా?" అంది అక్క. "లేదు." "మరేం చేసింది?" "ఎరని ఆనుకుని నిలబడింది" అన్నాడు. అక్క బావ చెయ్యి పట్టుకుంది. "బొమ్మని చేస్తే తినేదే వస్తుందనుకోకు, కన్నతల్లి కూడా వస్తుంది. వెళ్ళకు." వింటాడా?

మర్నాడు పొద్దున్నే వెళ్ళినవాడు తిరిగి రాకపోతే అక్కా నేనూ వెతుక్కుంటూ వెళ్ళాం. గాలి లేదు, పడవ కదలకుండా ఉంది. సగం కొరికిన రై రొట్టె బల్ల మీద. దారం పడవకి చుట్టుకుని, నిటారుగా కిందికి. అక్క దాన్ని పట్టి లాగింది, కొంచెం వచ్చింది. ఆపితే కింద నుంచి అంతే మెల్లగా లాగింది, నిద్రలో పసిపిల్ల వేలు పట్టుకు లాగినట్టు. "ఆర్వో" అని ఒక్కసారి పిలిచి, కత్తితో దారం కోసేసింది. మొగుణ్ణి వదిలేసిందని ఊరంతా ఆడిపోసుకుంది. దారం పట్టుకున్నవాళ్ళకి కదా తెలిసేది! మునిగిపోయే మనిషి అంత ఓపిగ్గా లాగుతాడా, చెప్పు? శవం కూడా దొరకలేదు. మరుసటి యేడు సరస్సు మీద మంచు వీడిన రోజున ఆ ఎర మా చెక్కల రేవు మీద ఉంది. కొట్టుకొచ్చిందన్నారు. కొట్టుకొచ్చినది చెక్కల మీదికి ఎక్కుతుందా? కొక్కేలన్నీ పీకేసి ఉన్నాయి. రంగు లేదు, ఆవు దూడని నాకినట్టు నున్నగా ఉంది. అక్క పొయ్యిలో వెయ్యబోయి ఆగిపోయింది. "అది దీన్ని తన బిడ్డే అనుకుంటోందే. కాలిస్తే తెలిసిపోతుందేమో" అని గుడ్డలో చుట్టి దాచింది. ఏదీ, విప్పు చూద్దాం. విప్పరా.

ఈ కొక్కేలు ఎక్కడివి? కొత్తవి కదూ ఇవి. నువ్వు బిగించావా? గుడ్డ తడిగా ఉందేం... ఎప్పుడు, పొద్దున్నా? కరిచిందా? ...కరవలేదు. మరి వెంట వచ్చిందా? ఎందాకా వచ్చిందిరా? రేవు దాకానా?

నీ పాప ఏది?