పేరు పిలవని రోజు

ఆస్ట్రేలియాలోని టాస్మానియా అడవి అంచున, మెర్విన్ తప్పిపోయిన అయిదో రోజు పొద్దున, పోలీసు సార్జెంటు తెచ్చిచ్చిన టీని అతని భార్య ముట్టలేదు.

"నిన్నటి దాకా వెతుకుతున్నామన్నారు. ఇవాళ గాలిస్తున్నామంటున్నారేం?"

"రెండూ ఒకటేనమ్మా."

"ఒకటే అయితే మా ఆయన్ని పేరు పెట్టి పిలవరేం? నిన్న నూరడుగులకోసారి ఈల వేసి, పిలిచి, అందరూ ఆగి విన్నారు. ఇవాళ కర్రలతో పొదల కింద పొడుచుకుంటూ పోతున్నారు."

"నాలుగు రాత్రులయిందమ్మా. మంచు కూడా పడింది."

"ఆయన పుట్టి పెరిగిందే ఈ మంచులో. ఆ ఈల ఇటివ్వండి."

"మీ గొంతు ఇప్పటికే పోయింది."

"పోనీండి."

ఆమె ఈల ఊది, బొంగురు గొంతుతో "మెర్విన్" అని పిలిచింది.

వరుసగా పొదలు గాలిస్తున్న నలభై మందీ అలవాటు కొద్దీ కర్రలు దించి, ఊపిరి బిగబట్టి అడవి వైపు చెవి ఒగ్గారు.

సార్జెంటూ ఆగి విన్నాడు.