ఓస్మండ్ హెగ్లాండ్ బోర్లించిన కంచం

పాస్టరు గారికీ, పెద్దలకూ, పొద్దున్నే పశువుల పని ముగించుకుని ఈ బురదదారిలో ఎల్వన్ హాలు దాకా వచ్చిన మీ అందరికీ ఒక్క మాట. వచ్చారు, అదే చాలు. ఓస్మండ్ హెగ్లాండ్ ఒక గదిలో ఇంతమంది మధ్య కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. ఈ రోజు ఆయన కోసం హాలు నిండింది. ఆయన మాత్రం ఎప్పటిలాగే బయట ఉన్నారు. ఇందాకే అందరం కలిసి మట్టి వేసి వచ్చాం.

నాకు ఉపన్యాసాలు రావు. ఇంటి లెక్కలు రాసుకునే మనిషిని. ఏదైనా మొదటి నుంచి వరసగా చెప్పడమే అలవాటు. కాస్త ఓపిక పట్టండి.

బల్లల మీద కంచాలన్నీ బోర్లించి ఉండటం మీరు చూశారు. పొద్దున నేనే బోర్లించాను. పిల్లలు నవ్వారు. "మన ఇంగా అత్తయ్యకు మతి పోయింది" అన్నారు, విన్నాను. నవ్వనివ్వండి. వాళ్లకు తెలియకపోవడం మన అదృష్టం. దాని సంగతి తర్వాత చెబుతాను.

మన పెద్దలు ఈ బయలుకు వచ్చినప్పుడు ప్రభుత్వం ఏం చెప్పింది? పది డాలర్లు కట్టు, నూట అరవై ఎకరాలు తీసుకో. మూడేళ్లలో ముప్పై ఎకరాలు దున్ను. నీ భూమిలోనే ఇల్లు కట్టుకుని ఏటా ఆరు నెలలు కాపురం ఉండు. అప్పుడే పట్టా. దున్ననివాడికి పట్టా లేదు. గడ్డిని గడ్డిగా ఉంచినవాడు సోమరిపోతు కింద లెక్క. ఎక్కడో వానలు పడేచోట కూర్చుని ఎవరో రాసిన షరతులవి. మనవాళ్లు నమ్మారు, దున్నారు. నమ్మక ఏం చేస్తారు?

ఆ షరతుల్లో ఇంకొకటి ఉంది. దాన్ని ఎవరూ కాగితం మీద రాయలేదు. ఎవరి నూట అరవై ఎకరాల చదరంలో వాళ్లు ఉండాలి కాబట్టి ఎవరికి వాళ్లు ఒంటరిగా ఉండాలి. మా అమ్మ గుడ్రున్ బట్టల తాడు మీద ఎర్ర దుప్పటి ఆరేసేది, ఉతక్కపోయినా సరే. అవతలి చదరంలో ఉన్న ఆవిడ అది చూసి తనూ ఒకటి వేసేది. వాళ్ల పలకరింపు అంతే. కొన్నిసార్లు నెలంతా అంతే.

ఓస్మండ్ గారికి మనవాళ్లు వదిలి వచ్చిన పాత దేశంలో పెళ్లి నిశ్చయమైంది. ఆ అమ్మాయి పేరు బోర్గిల్డ్. ఓడెక్కి, రైలెక్కి వచ్చింది. ఈయన బండి తీసుకుని స్టేషనుకు వెళ్లారు. దారి మధ్యలో ఆ పిల్ల బండి మీద లేచి నిలబడి చుట్టూ చూసి ఒక్కటే అడిగిందట. "ఇళ్లెక్కడ?" ఈయన చెయ్యెత్తి చూపించారు. "అదిగో, మనది." "మిగతావి?" అంది. ఈయన గుర్రాన్ని అదిలించారు. పెళ్లయ్యేదాకా అని ఆ చలికాలం మా ఇంట్లో ఉంది. కిటికీ దగ్గరే కూర్చునేది. మంచు కరగ్గానే తిరుగు రైలెక్కింది.

మా అమ్మకు నోరు ఆగదు కదా. "ఏమయ్యా ఓస్మండ్, పెళ్లికూతురు గడ్డిని చూసి పారిపోయిందా?" అంది. "గడ్డిని చూసి కాదు వదినా. గడ్డి తప్ప ఇంకేమీ లేకపోవడం చూసి" అన్నారాయన. తర్వాత పెళ్లి మాట ఎత్తలేదు.

ఆ తర్వాత ఆ గడ్డి కూడా లేకుండా పోయింది. వానలు ఆగాయి, గాలి ఆగలేదు. దున్నిన నేలంతా లేచి ఆకాశంలోకి వెళ్లింది. మధ్యాహ్నం దీపం పెట్టుకున్నాం. కిటికీలకు తడిగుడ్డలు కట్టాం. కంచాలు బోర్లించి పెట్టి, కూర గరిటెలోకి తీశాకే తిప్పేవాళ్లం. తిప్పితే బల్ల మీద కంచం ఉన్నంత మేర గుండ్రంగా శుభ్రంగా ఉండేది. దాని చుట్టూ బూడిదరంగు దుమ్ము. పిల్లలూ, అందుకే ఈ కంచాలు.

అప్పుడు ప్రభుత్వం మళ్లీ వచ్చింది. ఇది దున్నాల్సిన నేల కాదంది. దున్నితేనే పట్టా అన్నవాళ్లే ఈ మాటా అన్నారు. ఉత్తరాన అడవి అంచుల్లో భూమి ఇస్తాం, మనుషులకూ పశువులకూ రైలు ఉచితం, వెళ్లిపొండి అన్నారు. తూర్పు బయలులో ఉన్నవాళ్లం ఒక్కొక్కరం వెళ్లాం. ఖాళీ అయిన నేలకు కంచె వేసి ఉమ్మడి మేతభూమి చేస్తామన్నారు. ఇళ్లు కూలగొట్టాలి, బావులు పూడ్చాలి, గడ్డి విత్తనం చల్లాలి. ఆ పనికి ఒప్పుకున్నది ఒక్కడే, ఓస్మండ్ హెగ్లాండ్. ఇళ్లు మింగేవాడని పేరు పెట్టారు. ఆ పేరు పెట్టినవాళ్లలో కొందరు ఇక్కడే ఉన్నారు. తప్పు పట్టడం లేదు. ఆ రోజుల్లో ఎవరినో ఒకరిని తిట్టుకోవాలి.

మా ఇంటి వంతు వచ్చినప్పుడు నాకు పద్నాలుగేళ్లు. ఆయన గడ్డపార భుజాన వేసుకుని వాకిట్లోకి వచ్చారు. "కూలగొట్టేవాడివి నువ్వే అయితే కాఫీ తాగి కూలగొట్టు. పొయ్యి ఇంకా వేడిగా ఉంది" అంది అమ్మ. ఆయన తాగారు. "మీరు కనుమరుగయ్యేదాకా మేకు పీకను వదినా" అన్నారు.

మీకు తెలుసు కదా, ఈ నేల మీద బండి కనుమరుగు కావాలంటే ఎంతసేపు పడుతుందో? అడ్డం రావడానికి చెట్టు లేదు, గుట్ట లేదు. బండిలో వెనక్కి తిరిగి కూర్చున్నది నేను. మా ఇల్లు అగ్గిపెట్టంత అయింది, గింజంత అయింది. దాని పక్కన నిలువుగా ఒక గీత. సగం పూట గడిచినా ఆ గీత కదల్లేదు. ఒక మనిషి మాట ఇచ్చి అంతసేపు నిలబడటం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

అలా ఆయన ఇళ్లన్నీ కూల్చారు. ఆ నేల మీద విత్తనం చల్లారు. గాలికి పోతే మళ్లీ చల్లారు. గడ్డి పట్టింది. కంచె లోపల ఒక్క ఇల్లు మిగిలింది. అది ఆయనదే. ఒకసారి నాతో, "బోర్గిల్డ్ ఇప్పుడొచ్చి ఇళ్లెక్కడని అడిగితే ఏం చెప్పేవాణ్ని, ఇంగా?" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

గునపానికి లొంగనిది ఒకటుంది. ప్రతి ఇంటి వెనకా ఆడవాళ్లు నాటుకున్న రూబార్బ్, ఆ పుల్లటి కాడల మొక్క. ఇల్లు పోయినా, మనుషులు పోయినా, ఏటా మే నెలలో గడ్డి మధ్య ఎర్ర కాడలు లేస్తాయి. ఎవరి దొడ్డి ఎక్కడ ఉండేదో ఆయనకు గుర్తే. కోసి, తడి కాగితంలో చుట్టి, ఎవరిది వాళ్లకు ఉత్తరానికి రైల్లో పంపేవారు. మా అమ్మకు మొదటి కట్ట వచ్చినరోజు పొయ్యి మీద పెట్టి, గిన్నె ముందే నిలబడింది. "ఉప్పు వేశావా ఏంటి?" అన్నాడు నాన్న. "నా దొడ్డిది. అలాగే ఉంటుంది, తిను" అంది. అందులో పడింది ఉప్పు కాదు. ఆ సంగతి నాన్నకూ తెలుసు.

నేను పెళ్లై ఈ వైపుకే తిరిగొచ్చాను. మన పశువులన్నీ ఆ గడ్డి మీదే బతుకుతున్నాయి. ఇప్పుడు గోధుమకు గిరాకీ వచ్చింది. ఎవరు ఎక్కువ నేల దున్నితే వాళ్ల గింజ ప్రభుత్వం ఎక్కువ కొంటుందట. షరతు మళ్లీ మారింది. తూర్పు బయలును సాగుకు వదలమని అర్జీ తయారైంది. వచ్చే గురువారం ఇదే హాలులో తేలుస్తారు. సంతకాలు చాలా ఉన్నాయి. మా ఆయన ఐనార్‌ది కూడా ఉంది. వద్దన్నది ఒక్కరే. ఆ ఒక్కరికీ ఇందాక మట్టి వేసి వచ్చాం.

మొన్న చలికాలంలో ఆయన మా ఇంటికి భోజనానికి వచ్చారు. ఐనార్ గోధుమ మాట ఎత్తాడు. ఆయన తన ముందున్న కంచం బోర్లించారు. "బాబాయ్, ఇప్పుడు దుమ్మెక్కడుంది?" అని నవ్వాడు మా ఆయన. "రావాలంటే ముందు నువ్వు దున్నాలి కదరా" అన్నారు. అంతే. తర్వాత కంచం తిప్పుకుని బంగాళాదుంపలు వడ్డించుకుని తిన్నారు.

పోయిన వారం కబురు పంపారు. "ఉత్తరాన అందుకునేవాళ్లు ఎవరూ మిగల్లేదు. ఈసారి రూబార్బ్ నువ్వే వచ్చి కోసుకో." శనివారం వెళ్లాను. గుర్రం కంచె దగ్గర నిలబడి ఉంది. తలుపు దగ్గరగా వేసి ఉంది. ఆయన కుర్చీలో ఉన్నారు, నిద్రపోతున్నట్టు. బల్ల మీద ఒక్క కంచం, ఒక్క గిన్నె, ఒక్క చెంచా. కంచం బోర్లించి ఉంది. ఎత్తి చూశాను. బల్ల కంచం కిందా, చుట్టూ ఒకేలా శుభ్రంగా ఉంది. ఇన్నేళ్లూ దుమ్ము లేదు. అయినా ఆయన బోర్లిస్తూనే ఉన్నారు, రోజూ, ఒక్కరే కూర్చుని. మనకు బదులుగా ఆయన భయపడ్డారు. మనం మర్చిపోయి హాయిగా ఉన్నాం.

గురువారం ఎవరు ఏ వైపు చెయ్యెత్తుతారో నేను చెప్పను. నాది ఏ వైపో మా ఆయనకు నిన్న రాత్రి చెప్పాను. ఇంట్లో ఇంకా మాటలు లేవు. పర్వాలేదు.

ఐనార్, ఆ తలుపు తియ్యి. పూర్తిగా తియ్యి, రాయి పెట్టు. కిటికీలు కూడా.

గాలి వస్తోంది చూడండి. తూర్పు నుంచే వస్తోంది. అప్పట్లో ఈ గాలికి తలుపు తీసి ఉంటే ఈ గదిలో ఒకరి ముఖం ఒకరికి కనబడేది కాదు.

అందరూ లేవండి. పిల్లల్ని కూడా లేపండి. ఓస్మండ్ హెగ్లాండ్ కోసం కాసేపు మాట్లాడకుండా నిలబడదాం, ఆయన మా వాకిట్లో నిలబడినట్టు. ఆ తర్వాత కంచాలు తిప్పండి. తిప్పే ముందు, మీ కంచం చుట్టూ బల్లను ఒక్కసారి వేలితో తుడిచి చూసుకోండి.