ఎదురు వణుకు

పెద్ద టెలిస్కోపు ఉన్న గోపురంలో, పైకి వెళ్తున్న లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల అక్కడ పనిచేసే ఇంజనీరు, సెలవులకొచ్చిన అతని మేనకోడలు ఇరుక్కుపోయారు.

“ఇంకెంతసేపు మావయ్యా?”

“వస్తున్నామన్నారుగా. ఈలోగా ఏదన్నా అడుగు.”

“నేల మీదుండే టెలిస్కోపుకి అంత దూరం చుక్కలెలా కనబడతాయి?”

“వానలో గ్లాసు పెడితే ఎన్ని నీళ్ళు పడతాయి, గంగాళం పెడితే ఎన్ని పడతాయి? దీని అద్దం మీ ఇంటి హాలంత. మసక చుక్కల వెలుగు కూడా బోలెడు పోగేస్తుంది.”

“మరి చుక్కలు మిణుకుమిణుకుమంటాయిగా?”

“అది గాలి చేసే అల్లరి. పైన గాలి కదిలితే వెలుగు వణుకుతుంది. అందుకే ఇంకో పల్చటి అద్దం పెట్టాం. వెలుగు ఎలా వణికితే, అది సరిగ్గా దానికి ఎదురు వణుకుతుంది. దాంతో చుక్క కుదురుగా నిలబడుతుంది.”

“మావయ్యా, నీకు చెమటలు కారిపోతున్నాయి.”

“ఉక్కగా ఉందిలే.”

“నాకేం లేదే! నీ చేతులు కూడా వణుకుతున్నాయి.”

“తలుపులు మూసేసిన చోటంటే నాకు చిన్నప్పట్నుంచీ భయమే. మీ అమ్మకి చెప్పకు, ఏడిపించుకు తింటుంది.”

“చెప్పన్లే. చేతులిటివ్వు.”

“ఎందుకే?”

“నువ్వు అటు వణుకు, నేను ఇటు వణుకుతా.”