మా అత్త తిప్పిన నట్టు

"జేజీ, తెల్లారితే బండి తీసుకొని బెంగుళూరులో పాత కార్ల ప్రదర్శనకు పోవల్ల. పాతవా, కొత్తవా? ఏ చక్రాలు వెయ్యమంటావో చెప్పు."

నన్నడుగుతాండావా మే? మీ జేజినాయన కారును నువ్వు కొట్టంలోంచి బయటికి లాగినప్పుడు అడగలా. ఎర్ర రంగు గీకిచ్చి మళ్లా అదే ఎర్ర రంగు పూయించినప్పుడూ అడగలా. చక్రాల కాడికొచ్చేసరికి జేజి గుర్తొచ్చినాది. సరే, కూర్చో. ఆ ఫోన్లో రికార్డు చేస్తాండావా? చెయ్ చెయ్. మీ నాయన గూడ వింటాడు, వానికి నేనెప్పుడూ చెప్పలా.

ముందే చెప్తాండా, దయ్యాలంటే నాకు నమ్మకం ల్యా. బడికి పంపకపోయినా లైబ్రరీలో పుస్తకం మిగల్చకుండా సదివినదాన్ని. సోది చెప్పేటామె వస్తే వాకిట్లోనించే తరిమేదాన్ని, నీకు తెలుసు గదా. అట్లాంటి నేను చెప్తాండా, విను.

ఆ కారు మీ జేజినాయన ముగ్గురాయి గని నడిపే దొర దగ్గర కొన్నాడు. ఇద్దరికే సీట్లు, పైన కప్పు ల్యా. మా ఆడబిడ్డ చూసి "ఇదేంది వదినా, ఎనుముల తొట్టికి చక్రాలు పెట్టినట్ల ఉండాది" అనింది. అప్పుడు లీటరు పెట్రోలుకిచ్చే దుడ్లకు ఇప్పుడు సగం ఇడ్లీ గూడ రాదు… ఆ మాట అట్లుండనీ. ఏం చెప్తాంటి? ఆఁ, చక్రాలు. సైకిలు మాదిరి పుల్లలు, నడిమధ్యన ఒకటే రెక్కల నట్టు. దాన్ని కొయ్యసుత్తితో కొట్టి బిగించల్ల. డ్రైవరు పక్కన మాత్రం ఎడమకు తిప్పితేనే బిగుసుకుంటాది. చక్రం ముందుకు పోయేకొద్దీ ఊడకుండా అట్ల చేసినారంట.

అది మా అత్తకు గిట్టలా. కుడికి తిరిగేది దేవుని చుట్టూ, ఎడమకు తిరిగేది పీనుగ చుట్టూ, అంతే ఆమెకు తెలిసింది. "కూర్చునే పక్కనే పీనుగ తిప్పుడు తిప్పుతాండావు, నీకేమన్నా బుద్ధుండాదా అబ్బయా?" అని కొడుకు చేతిలోంచి సుత్తి గుంజుకొని కుడికి ఒక దెబ్బ ఏసేది. ఆయప్ప నవ్వి, ఆమె లోపలికి పోయినాంక మళ్లా ఎడమకు బిగించుకునేవాడు. కొడుకంటే ప్రాణం ఆమెకు. నాతో మాత్రం దినామూ కొట్లాటే. నేనూ తగ్గేదాన్ని కాదులే.

ఆమె కార్తీకంలో పోయింది. కాదు కాదు, ఎండాకాలమే, ఆ యేడు చేన్లో శెనక్కాయ బుడ్డలు వెయ్యకముందు. దినాలయినాంక మీ జేజినాయన కారు తియ్యబోతే డ్రైవరు పక్క నట్టు వదులుగా ఉండాది. "నువ్వు గాని ముట్టినావా?" అంటాడు నన్ను. నాకేం పని? బిగించినాడు. బండి కదలకనే మరునాటికి మళ్లా వదులు.

అప్పుడు నాకు పంతం పుట్టింది. తమలపాకు సున్నం వేలితో తీసుకొని నట్టు మీదినుంచి చక్రం మీదికి ఒకటే గీత గీసినా. కొట్టానికి బీగమేసి, బీగంచెవి నడుముకు దోపుకొని, సుత్తి తలకింద పెట్టుకొని పండుకున్నా. పైటాల. ఎండకు ఊర్లో కుక్క గూడ కదలదు. టక్ అనింది. కొయ్య ఇనుము మీద పడిన సద్దు. సుత్తేమో నా తలకిందనే ఉండాది.

పోయి బీగం తీసినా. సున్నం గీత రొండు ముక్కలై, నట్టు మీదిది కుడికి జరిగినాది. సక్కగా, ప్రదక్షిణంగా.

ఒళ్లు సల్లబడింది గాని నోరు పడలా నాకు. "అత్తా, అది పీనుగ తిప్పుడు కాదు, నువ్వు మంచనుకొని కొడుకు చక్రం ఊడదీస్తాండావు" అని గట్టిగానే అన్నా. ఖాళీ కొట్టంలో నిలబడి కారుతో మాట్లాడినా సూడు, నేను. సరేనని వెనక్కి తిరిగినా. టక్.

మీ జేజినాయనకు చెప్తే "పుస్తకాలు ఎక్కువైనాయి నీకు" అని నవ్వినాడు. పొద్దన బిగించుకొని వేంపల్లె దావ పట్టినాడు. ఏటి వంతెన ముందర దిగుడు ఉండాదే, ఆడ ఒక చక్రం తన పక్కనించే దాటుకొని ముందుకు పోతాంటే, ఎవురిదబ్బా ఇది అనుకున్నాడంట. తనదేనని తెలిసేలోపు బండి తిరగబడింది. చెయ్యి విరిగి, నోట్లో ఇసకతో ఇంటికొచ్చినాడు. మళ్లా ఆ బండి ముట్టలా.

కారుతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం డిక్షనరీ పెట్టుకొని సదివినా నేను. చక్రం లోపలి పండ్లు అరిగితే నట్టు వదులవుతాదని రాసినారు. సరే, ఒప్పుకున్నా, అది నడిచే బండికి. నిలబడిన బండికో? దానికి యాడా రాయలా.

మొన్న నువ్వు ఆ పుల్లల చక్రాలు ఎక్కించి, అన్నం తిని పండుకున్నావు గదా. నేను కొట్టంలోకి పోలా. పోవాల్సిన పని ల్యా, ఈడికే వినపడింది.

"పాతవుంటేనే అసలు బండి అంటారు జేజీ ఆడ."

అననీ. ఆ దిగుడులో వాళ్లు కూర్చుంటారా సీట్లో? నువ్వు కూర్చుంటావు. నిన్న నీ కొత్త చక్రాలు తిప్పి చూసినా. ఒక్కోదానికి నాలుగు నట్లు, రొండు పక్కలా కుడికి తిప్పితేనే బిగుసుకుంటాయి. అవే వెయ్. సచ్చినాంక గూడ మంచి చేస్తానని వచ్చే మనిషిని మాన్పించలేం మే. మనమే ఆమె తిప్పే పక్కకు బిగుసుకునేవి పెట్టుకోవల్ల.

పో, సల్లగా పోయి సల్లగా రా. నీ చేతనైనంత బిగించి, కొట్టం తలుపేసి వచ్చెయ్. మిగతాది ఆమె చూసుకుంటాది…