కవాడా సాన్ వెతికిన తప్పు

"పెద్దబాపూ, ఫోన్ల రికార్డు పెట్టిన, చెప్పు. జపానోల్లతోని అన్నేండ్లు పనిచేసినవ్ గదా, ఎట్లుంటరు వాళ్లు? వీసా వస్తే పోయేదాన్ని, తెల్వాలె గదా నాకు."

వీసా వస్తే, వీసా వస్తే! ఏడాది సంది ఈ జర్మనీలనే డెగ్గెన్‌డార్ఫ్‌ల కూసోని ఇదే మాట అంటున్నవ్ నవ్యా. కరోనా వచ్చిన కాన్నుంచి వాళ్లు తలుపులు పెట్టుకునే ఉన్నరు, ఎప్పుడు తీస్తరో ఏమో. ఎట్లుంటరంటే ఏం చెప్పాలె... మంచోల్లు. నాకంటె చానా మంచోల్లు. నువ్వు అడిగినవ్ గాబట్టి చెప్త. మీ పెద్దమ్మకు సుత తెల్వదిది. వంటింట్ల ఉందా ఆమె? ఆఁ, ఆ తలుపు జెర దగ్గరికెయ్యి.

ఈడ హానోవర్‌ల మా ల్యాబ్‌ల ఒక కొలిమి ఉండె. కొలిమంటే మన కమ్మరోల్లది కాదు, అల్మారంత ఎత్తుంటది, జపాన్‌ది. దాంట్ల రసాయనాల పొడి కరగబెట్టి, గింజంత స్ఫటికం ముంచి, మెల్లగ, పదకొండు రోజులు పైకి గుంజుతె బొటనవేలంత పెరుగుతది. లేజర్లకు వాడుతరు. సగం మాకు, సగం జపాన్‌కు, రెండు దేశాలకు ఒప్పందం అట్ల. ఆ కొలిమి తయారుచేసినాయనే కవాడా సాన్. సాన్ అంటే మనం గారు అంటం గదా, అదే. నేనొచ్చిన కొత్తల, యూరోలు రాకముందు మార్కుల పైసల కాలమది, ఇంటికి ఫోన్ జేస్తె జేబు ఖాళీ అయితుండె, మీ నాయిన పెండ్లప్పుడు సుత నేను రెండు నిమిషాలే... ఏం చెప్తున్న? ఆఁ, కవాడా సాన్. ప్రతి ఏడు వస్తుండె. మనింట్ల పప్పుచారు తాగి, చెమటలు తుడుసుకుంట మల్ల గిన్నె చాపుతుండె పాపం.

ఆయన ఒక మర బిగిస్తె సుత పుస్తకంల రాసేది. ఎంత బిగించిండు, ఎందుకు బిగించిండు, అన్ని. నేను నవ్వేది. మనకేమో పనైతే చాలు గదా, రాసుడెందుకు? ఒకపారి వేడి కొలిచే తీగ కాలిపొయింది. జపాన్ నుంచి కొత్తది రావాలంటె రెండు నెలలు. అన్ని రోజులు ఎవడాగుతడని ఈడ దొరికింది పెట్టిన. అది లోపలికి పూర్తిగ పోలే, వేలు మందం బయటనే ఆగింది. ఇగ మీటర్ ఎప్పుడు జూసినా ముప్పై డిగ్రీలు తక్కువ చూపెట్టేది. పోనీ, నాకు తెలుసు గదా! నేనే ముప్పై తక్కువకు పెట్టి నడిపిన. పుస్తకంల మాత్రం అసలు వేడే రాసిన, తీగ ముచ్చట రాయలే, కవాడా సాన్ వచ్చినా చెప్పలే. ఐదేండ్లు బంగారమసొంటి స్ఫటికాలు తీసిన, తెలుసా? ఈ కొలిమి నా మాటే వింటదని అందరనేది. నాకది ఇష్టముండె, అబద్ధమెందుకు.

మల్ల కరోనా వచ్చె. కవాడా సాన్ రాలేకపాయె. నాకేమో పాజిటివ్ వచ్చి ఈ ఇంట్లనే కోరంటైన్. ల్యాబ్‌ల మా సైంటిస్టు డాక్టర్ బీర్గిట్ ఒక్కతే ఉండె, ఆమె ఎన్నడు కొలిమి ముట్టలే. జపాన్ నుంచి కవాడా సాన్ వీడియోల, ఇంటికాడ నేను వీడియోల. ఆయన నా పుస్తకం జూసి, కాగితం మీద లెక్కగట్టి, ఇంతకు పెట్టుమని అంకె చెప్పిండు. నాకు తెలుసు. ముప్పై ఎక్కువైతదని నాకు తెలుసు బిడ్డా! నా మైక్ బంద్ ఉండె. ఒక్క వేలుతోని నొక్కితె అయిపొయేది.

నొక్కలే.

మూడు నెలల్ల రిటైర్ అయ్యేటోణ్ణి. ఐదేండ్లు ఎందుకు రాయలేవని బీర్గిట్ అడిగితె ఏం చెప్పాలె? ఏం కాదులే, కొలిమి తట్టుకుంటదిలే అనుకున్న. థూ, నా బతుకు. గంటన్నరల గింజ కరిగి తెగిపడ్డది, కింది గిన్నె పలిగింది. కవాడా సాన్ లేసి నిలబడ్డడు. ఫోన్ల ఆయన తల కనవడలే, నడుమే కనవడ్డది, మల్ల అంత కిందికి వంగిండు. "నా లెక్కల తప్పున్నది, క్షమించండి" అన్నడు. బీర్గిట్‌కు చెప్పిండు, నాకు చెప్పిండు. నాకు! నేను చేతులు జోడించిన. అప్పుడు సుత మైక్ బందే.

ఒప్పందం మల్ల రాసుకోలే. ఆయన్ను ఆ పని మీదికెళ్లి తీసేసిండ్రు. ఇసొంటిది మెయిల్ల చెప్పొద్దు, తలుపులు తీసినంక పోయి ఎదురుంగ నిలబడి చెప్త అనుకున్న. గట్ల అనుకుంట అనుకుంట ఉన్న. పోయిన చలికాలం కాలం చేసిండు. ఆయన దగ్గర పనిచేసినామె బీర్గిట్‌కు మెయిల్ పెట్టింది, బీర్గిట్ నాకు చదివి వినిపిచ్చింది. ఆయన టేబుల్ల ఒక నోటుబుక్కు దొరికిందట. మొదటి పేజీ కాన్నుంచి ఆఖరి దాక అదే లెక్క. ఒకటే లెక్క మల్ల మల్ల గట్టిండట. తప్పెక్కడ చేసిననో అని వెతుక్కున్నడట దవాఖానల సుత.

దాంట్ల తప్పు లేకుండె నవ్యా. ఎంత వెతికినా ఏం దొరుకుతది?

"ఆయన భార్యకు రాయరాదు, పెద్దబాపూ?"

రాయొచ్చు. రాస్తె నా గుండె బరువు జెర తగ్గుతది. ఆయన పెన్సిల్ కింద పెడ్తడా చెప్పు? ఏడవకు, నువ్వెందుకు ఏడుస్తవ్... నీకు వీసా వస్తది, పోతవ్, మంచిగ పనిచేస్తవ్. నూరేండ్లు సల్లగుండు బిడ్డా. వాళ్లు నీ ముందల వంగి దండం పెడితె... అప్పుడు నువ్వు ఎవరి దిక్కు చూడక, జెప్పున నోరు తెరువు. నా తీర్గ... బంద్ చెయ్యి ఇగ. మీ పెద్దమ్మ వస్తున్నట్టున్నది.