పోయిన జ్వరాన్ని మరువని వహాబ్ గారు

1905వ సంవత్సరం జూలై మాసం మూడవ తేదీ సోమవారం ఉదయం, తివాచీలు నేసే కుటుంబానికి చెందిన జనాబ్ అబ్దుల్ వహాబ్ గారు ఏలూరులో కాంపౌండరు ఉద్యోగంలో ప్రవేశించారు. నాటికి వారి వయస్సు ఇరవైనాలుగు. మగ్గం ముందు ముడులు వేసిన వేళ్ళు కనుక, మందుల తూకంలో గింజెత్తు తేడా రానిచ్చేవి కావు.

ఇన్‌ఫ్లుయెంజా ఊళ్ళను ఊడ్చిన 1918లో వారు తాడేపల్లిగూడెంలో ఉన్నారు. జ్వరం తగ్గి లేచినవారిలో కొందరు నెలల తరువాత వేరే బాధలతో తిరిగి రావడం గమనించి, ఏ ఇంట ఎవరికి ఏ జ్వరం వచ్చిందో ఒక పుస్తకంలో వ్రాసుకోనారంభించారు. అది ఎవరో చెప్పిన పని కాదు. "పోయిన జ్వరంతో మనకేం పనండీ?" అని డాక్టరుగారు నవ్వితే, "పోయిందో, దాగుందో తెలియదు గదండీ" అనేవారు.

1927లో కొల్లేటి గట్టునున్న మన చిన్న ఆసుపత్రికి వచ్చారు. డాక్టరు వారానికొకసారి వచ్చే చోటు కనుక, తక్కిన రోజుల్లో ఊరికి వహాబ్ గారి మాటే వైద్యం. ఇక్కడ వారొక తప్పు చేశారు. దాన్ని దాచవద్దని వారే కోరినందున వ్రాయడమైనది.

చేపలు పట్టే సోమరాజు భార్య మంగకు ఒక వేసవిలో కాళ్ళు స్వాధీనం తప్పి, ఒక కంట చూపు మసకబారింది. మూడు వారాల్లో దానంతటదే సర్దుకుంది. ఆర్నెల్లకు మళ్ళీ అదే బాధ. "చేపలు ఎండేసే రోజునే పడిపోతాయండీ దీని కాళ్ళు! కంచం దగ్గర ఎన్నడూ పడలేదు," అంది అత్త సుబ్బాయమ్మ. ఆసుపత్రికి తీసుకువచ్చిన నాటికి మంగ మామూలుగానే నడుస్తోంది. "జబ్బేమీ కనబడదమ్మా, మనసులో దిగులేమో," అన్నారు వహాబ్ గారు.

ఆ మాట పొద్దుగూకేలోగా గట్టంతా పాకింది. మంగది దొంగ జబ్బన్నారు. ఆమెను పుట్టింటికి పంపి, సోమరాజుకు మరో పిల్లను చూడాలని కులపెద్దలు కూర్చోవడానికి రోజు కూడా అనుకున్నారు.

ఇది విన్న వహాబ్ గారు ఆ రాత్రే దీపం ముందు కూర్చున్నారు. పుస్తకం తిరగవేశారు. రెండేళ్ళ కిందట మంగకు మెడలో బిళ్ళలు కట్టి, గొంతు పూసి, నెలన్నర వదలని జ్వరం వచ్చినట్లు తమ చేతివ్రాతే ఉంది. అటువంటి జ్వరమే పడ్డ ఏలీయా అనే అతనికి ఏడాది తిరక్కుండా కన్ను మసకేసిందనీ ఉంది.

పెద్దలు కూర్చున్న రోజున దోనె మాట్లాడుకొని వెళ్ళి, "తప్పు నాదండీ," అన్నారు. జేబులోంచి తాళంచెవి తీసి, ముందుగా సుబ్బాయమ్మ అరికాలు గీశారు.

"ఏవండోయ్, చక్కిలిగిలండీ!" అంటూ ఆమె కాలు లాక్కుంది. వేళ్ళు కిందికి ముడుచుకున్నాయి. సోమరాజువీ అంతే. మంగ అరికాలు గీస్తే మాత్రం బొటనవేలు నిదానంగా పైకి లేచింది. మళ్ళీ గీశారు. మళ్ళీ లేచింది.

"ఇది నటిస్తే వచ్చేది కాదండీ. నరాల్లో దెబ్బ ఉంది. రెండేళ్ళ కిందటి జ్వరమే ఆ దెబ్బను విడిచిపోయిందేమోనని నా అనుమానం. రుజువు నా దగ్గర లేదు. ఎండవేడి తగిలితే బాధ పైకొస్తున్నట్టుంది. చేపలు ఎండేసే రోజున పడేది అందుకేనండీ."

"మరి నయమవుతుందాండీ?" అడిగాడొక పెద్ద.

"చెప్పలేనండీ. అబద్ధమాడటం లేదని మాత్రం చెప్పగలను."

మంగను పంపలేదు. ఎండలో పనిని సుబ్బాయమ్మ తన మీద వేసుకుంది. మంగ నీడపట్టున వలలు బాగుచేస్తోంది. జబ్బు పోలేదు. ఈ ఏడు చేతికర్ర వచ్చింది. జ్వరానికీ దీనికీ సంబంధం ఏమిటని వహాబ్ గారు పెద్ద డాక్టర్లకు వ్రాస్తే, ఇంకా ఎవరూ తేల్చలేదని జవాబు వచ్చింది. నొచ్చుకోలేదు, వ్రాయడమూ మానలేదు.

ఈ జూలైలో వారు పదవీ విరమణ చేస్తున్నారని తెలిసి సుబ్బాయమ్మ వచ్చింది. "మీరెళ్ళిపోతే మా పిల్ల మాట ఎవరు నమ్ముతారండీ?"

వహాబ్ గారు ఆమె వైపు తిరిగి అన్నారు: "మీరు నమ్మారు గదమ్మా. ఇక నాతో పనేముంది?"

ముప్పయ్యొక్క సంవత్సరాలు పరుల జ్వరాలను మోసిన వహాబ్ గారు, శ్రీమతి జులేఖా గారి తోడుగా ఏలూరి స్వగృహంలో, చూపు చెదరక, అడుగు తడబడక, నిండు నూరేళ్ళు చల్లగా ఉండాలని ఈ గట్టు మీదివారందరూ కోరుతున్నారు. ఆ కోరికలో మొదటి గొంతు మంగది.