కట్టినోళ్లే విప్పాల

విరుదునగర్‌లో ఒక ఆస్పత్రి వరండా. 2009, తమిళుల పంగుని నెల, పొద్దున. కోవిల్‌పట్టి కాలేజీలో పాఠాలు చెప్పే వాసుకి, ఆమె పెదనాయన నారాయణసామి.

“టవర్ దొరకలా పెదనాయనా. లేకుంటే ఎత్తకుండా ఉంటానా?”

“టవర్ లేకుంటే రింగు ఎట్ల పోతుంది పాపా? పోతానే ఉండె.”

“అదే... రింగు పోతాది, నాకు వినపడదు. ఒక్కోసారి అట్ల అవుతాది.”

“సరి సరి. ఇప్పుడు వచ్చినావు గదా. కాఫీ తాగినావా?”

“కాఫీ ఏమి పెదనాయనా. పెద్దమ్మ ఎట్ల ఉండాది?”

“ఉండాది. కుడిచెయ్యి లేస్తా లేదు. నోరు ఒక పక్కకు పోయింది. నిన్నంతా మాట లేదు. తెల్లారినంక కొంచెం కొంచెం వస్తా ఉండాది, ముద్దముద్దగా. నాకు అర్థమవుతాది, నర్సమ్మకు కాదు.”

“నిన్ను గుర్తు పట్టిందా?”

“నన్ను ఎందుకు పట్టదు? తిట్టింది కూడా. రా, లోపలికి పోదాం. ఎడమచేతి పట్టీ తీయాలంటాది నర్సమ్మ. మీ పెద్దమ్మ తీయనీదు. చెయ్యి వీపుకింద పెట్టుకొని పండుకోనుండాది. నువ్వు వచ్చి విప్పాలంట.”

“నేనా?”

“కట్టినోళ్లే విప్పాల. నువ్వు చెప్పిందే గదా.”

“అవును. నేను చెప్పిందే.”

“ఇదేమి వాచీనా అని అడిగింది నర్సమ్మ. వాచీ కాదమ్మా, నాడి చూసే మిషను, ఇది మా ఊళ్లో పెట్టెకు చెప్తాది, పెట్టె సెల్లు మాదిరి విరుదునగర్‌కు చెప్తాది, మా పాప వాళ్లే చేసినారు అంటి. నవ్వె ఆ పిల్ల. నమ్మలేదు లే.”

“నేను చేయలేదు పెదనాయనా. మిషను సెంథిల్ సార్ వాళ్లది. ఇంజినీరింగ్ కాలేజీ. నాడి చూసి మందు చెప్పేది లక్ష్మణసామి డాక్టర్. నేను ఊళ్లోళ్లకు చెప్పి కట్టించినా, అంతే.”

“అంతేనా? నువ్వు లేకుంటే వాళ్లిద్దరూ ఒకరి మొగం ఒకరు చూస్తారా? నువ్వే గదా చెప్పింటివి, డాక్టరు మిషన్లోడిని బొమ్మలు చేసేటోడు అంటాడని, వాడు డాక్టరును చెవిటోడు అంటాడని.”

“చెప్పినా.”

“అట్లాంటోళ్లను ఒక బల్లకాడ కూర్చోబెట్టడం చిన్న పనా? రా.”

“ఒక్క నిమిషం పెదనాయనా. ఇక్కడి డాక్టర్ ఏమన్నాడు?”

“ఏమో అన్నాడు.”

“ఏమన్నాడు?”

“తమిళం కొంచెం, ఇంగ్లీషు కొంచెం. నాకేమి తెలుస్తాది?”

“పెదనాయనా.”

“పొద్దున్నే తెచ్చింటే చెయ్యి మిగిలిండేది అన్నాడు. డాక్టర్లు అట్లనే అంటారు, విడు.”

“పొద్దున్నే ఎందుకు తేలేదు?”

“తెస్తిమే. ఇంట్లో కూర్చొని కూలికి చట్రంలో అగ్గిపుల్లలు పేర్చుకుంటా ఉండె. ఉన్నట్టుండి పుల్లలన్నీ చేతిలోనుంచి జారిపోయె. తల తిరుగుతాది అనె. పుల్లలు ఏరబోయింది, ఏరలేకపోయె. నాకు భయమయిపోయె. తీపెట్టి ఆఫీసు డ్రైవరు చెల్లదురై అగ్గిపెట్టెలు మోసే వండి తీసుకొని వచ్చె, ఎక్కించి బయలుదేరితిమి.”

“మరి?”

“ఊరి ఎల్ల రాయికాడ ఆపమనె. ఆపు ఆపు అని చెల్లదురై భుజం కొట్టె. దిగి కరువేల తుమ్మచెట్టుకింద కూర్చుండె. చేతికి పట్టీ ఉండాది, ఎల్ల దాటను, పాపకు పోన్ చెయ్యి, వచ్చి విప్పితే వస్తాను అనె.”

“అయ్యో.”

“చేస్తా ఉంటిని. చేస్తా ఉంటిని. చెల్లదురై వాడి సెల్లులోనుంచి కూడా చేసె.”

“ఎంతసేపు కూర్చునింది?”

“నీడ అటునుంచి ఇటు తిరిగె. మాట తడబడె. ఇంక నేను అడగలేదు, ఎత్తుకొని వండిలో వేసుకొని వచ్చేస్తిని. అప్పటికి కండ్లు మూసేసె. దాటింది దానికి తెలియదు.”

“నేనే పెదనాయనా. ఆ కాప్పు మాట నేనే అన్నా.”

“ఆమా, అన్నావు. ఏమిప్పుడు?”

“ఏమిప్పుడు అంటావేమి? ఆరు నెలలు సెంథిల్ సార్ వాళ్లు తిరిగినా ఒక్క ఆడమనిషి చెయ్యి చాపలేదు. షాక్ కొడతాది అని, గాలి పడతాది అని. నేను వచ్చి, పంగుని పండక్కి పూజారి చేతికి పసుపుదారం కాప్పు కడతాడే, అట్ల అనుకోండి అన్నా. కాప్పు కట్టినంక ఊరి ఎల్ల దాటం గదా, కట్టినోడే విప్పాల గదా, ఇది కూడా అంతే అన్నా. అందరూ చేతులు చాపినారు.”

“చాపినారు. నీ పెద్దమ్మే మొదలు.”

“ఊరు దాటితే పెట్టెకు అందదు, ఎవురుపడితే వాళ్లు విప్పితే లెక్క చెడిపోతాది. అది చెప్పుంటే చాలు. నేను సామి మాట కలిపినా. నిన్న డాక్టర్లు, మిషన్లోళ్లు కూర్చున్న కూట్టంలో అదే చెప్పినా, మా ఊరి నమ్మకం ఇట్ల వాడినాము అని. చప్పట్లు కొట్టినారు పెదనాయనా. పెద్దమ్మ చెట్టుకింద కూర్చోనుండాది, నేను చప్పట్లు...”

“ఏడవొద్దు. నలుగురు చూస్తా ఉండారు.”

“టవర్ దొరకలా అన్నా గదా. అది అబద్ధం.”

“తెలుసు.”

“సెల్లులు మోగితే ఒకరి మాట ఒకరు వినరు అని, అందరి సెల్లులూ నోరు మూయించి తాంబాళంలో పెట్టించినా. డాక్టర్‌ది, సెంథిల్ సార్‌ది, నాది. తాంబాళం నేనే తిప్పినా. మూల బల్లమీద పెట్టినా.”

“మంచిదే గదా, మాట వినాలంటే...”

“అది కూడా కాదు.”

“ఇంక ఏముండాది?”

“ఏమీ లేదు. లోపలికి పోదాం.”

“పోదాం అంటావు, కాలు కదపవు. చెప్పు.”

“గోడమీద తెర పెట్టింటిమి. మన ఊరు. ఒక్కో మనిషికి ఒక్కో లైటు. బాగుంటే పచ్చ, బాగలేకుంటే ఎరుపు.”

“తెలుసు. ముందురోజే చెప్పింటివి గదా.”

“పెద్దమ్మది ఎర్రగా అయింది. నేను చూసినా పెదనాయనా. అందరూ చూసినారు. లక్ష్మణసామి డాక్టర్ లేచి నిలబడినాడు, ఇది ఎవురు, ఏమయింది అని. సెంథిల్ సార్, నా మిషను తప్పు చెప్పదు అన్నాడు. ఆ ఇద్దరూ ఒక్కమాట మీద ఉండింది అదే మొదటిసారి. నేను... కూర్చోండి సార్ అన్నా. పుల్లలు పేర్చేటప్పుడు చెయ్యి ఆడుతాది, దానికి అట్ల ఎరుపు వస్తాది, ముందు కూడా వచ్చింది, భయపడేదానికి ఏమీ లేదు అన్నా.”

“ముందు వచ్చిండేది నిజమేనా?”

“నిజమే. వచ్చింది. ఇట్ల నిలిచిపోలేదు. వచ్చేది, పోయేది. నిన్న నిలిచిపోయింది.”

“అప్పుడన్నా ఒక పోను...”

“తాంబాళం పది అడుగుల్లో ఉండాది. లేచి తీసుకుంటే కూట్టం ఆగిపోతాది అనుకున్నా. ఒక్క ఎర్రలైటుకు డాక్టర్లు మళ్లీ బొమ్మలు అంటారు, మిషన్లోళ్లు మళ్లీ చెవిటోళ్లు అంటారు, రెండేండ్లు నేను తిరిగిందంతా పోతాది అనుకున్నా. ఊరు తెలిసిన మనిషి నేనే గదా, నేను చెప్తే ఇద్దరూ నమ్మినారు. కూర్చున్నారు. కూట్టం అయ్యేదాకా అది వెలుగుతానే ఉండె. నేను దానికి వీపు పెట్టుకొని మాట్లాడినా. ఏమన్నా అను పెదనాయనా. తిట్టు.”

“తిట్టి ఏమి చేసేది.”

“పెద్దమ్మ కాప్పు అని నమ్మి కూర్చునింది. ఆ నమ్మకం పెట్టింది నేను. దాని చెయ్యి పోగొట్టింది నేను.”

“నమ్మిందా? ఎవురు, మీ పెద్దమ్మా?”

“నమ్మకుంటే ఎందుకు కూర్చుంటాది?”

“అదేమన్నా పసిబిడ్డా? పసుపుదారం కాప్పు ఎన్ని పండగలు కట్టింది, దానికి తేడా తెలియదా? టార్చిలో బ్యాటరీ మార్చేది అదే, నాకు రాదు. నేను కూడా ఆ చెట్టుకాడ నీ మాదిరే అనుకొని, ఒసే ఇది సామి కాప్పు కాదు, మిషను, దాటితే దోసం లేదు అంటిని. నీకు మతి ఉండాదా, మిషనని నాకు తెలియదా అని నన్నే తిట్టె.”

“మరి ఎందుకు దాటలేదు?”

“మొన్న సాయంత్రం పోన్ చేసి ఏమి చెప్పింటివి దానికి?”

“నేనా? ఊరికే... రేపు ఎవురూ ఊరు దాటొద్దని అందరికీ చెప్పు పెద్దమ్మా అన్నా.”

“ఇంకా?”

“దాటితే లైటు ఆరిపోతాది... అంత పెద్దోళ్ల ముందర మన ఊరి లైటు ఒక్కటి ఆరినా నా పరువు పోతాది అన్నా.”

“అదే. చెట్టుకింద అదే చెప్పె. ఆ పిల్ల కూట్టం అయ్యేదాకా నేను దాటను, నా లైటు ఆరితే దాని మొగం చిన్నదయిపోతాది అనె. కాప్పు అని ఊళ్లోళ్లకు, చెల్లదురైకి చెప్పుకునె. నాకు మాత్రం ఇది చెప్పె.”

“పెదనాయనా...”

“తెల్లారి మాట వచ్చినాక మొదట అడిగింది కూడా ఆ లైటు సంగతే. తన చెయ్యి గురించి అడగలేదు. నేను తెలియదంటిని, పాప వస్తే అడుగు అంటిని. దానికే కాచుకొని ఉండాది.”

“నేను లోపలికి రాలేను. నా వల్ల కాదు.”

“కావాల. కట్టినోళ్లే విప్పాల. మొగం తుడుచుకో. ఇందా, తువ్వాల.”

“అడిగితే ఏమి చెప్పేది పెదనాయనా?”

“నా లైటు ఆరకుండా ఉండెనా అని అడుగుతాది. ఉండె పెద్దమ్మా, కూట్టం అయ్యేదాకా వెలుగుతానే ఉండె అని చెప్పు. ఏ రంగు అని మాత్రం చెప్పొద్దు.”